విదేశాల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం: వయసు, డిగ్రీ, కాగితాలు ముందే ఎలా సరిచూసుకోవాలి

విదేశాల్లో ఇంగ్లీషు చెప్పాలనుకునేవాళ్ళలో చాలామంది ముందు ఏదో ఒక టెఫెల్ కోర్సుకు (ఇంగ్లీషును విదేశీ భాషగా బోధించడంలో శిక్షణ) డబ్బు కట్టేస్తారు. తర్వాత ఉద్యోగాలు వెతుకుతారు. అన్నీ అయ్యాక వీసా నిబంధనలు చదువుతారు. అప్పుడు తెలుస్తుంది, తమ పాస్‌పోర్టుకో, వయసుకో, డిగ్రీకో ఆ దేశం పర్మిట్ ఇవ్వదని. ఈ వరసను తిరగేయండి. ఏ దేశం వెళ్ళాలనుకుంటున్నారో ఆ దేశపు వర్క్ పర్మిట్ నిబంధన ముందు చదవండి. దాన్నిబట్టి సర్టిఫికెట్, కాగితాలు, దరఖాస్తు తేదీలు నిర్ణయించుకోండి.

అడ్డు ఎవరు పెట్టినదో తేల్చుకోండి

"45 లోపు వారికే", "డిగ్రీ తప్పనిసరి" లాంటి షరతు కనిపించగానే అది ఎవరి షరతో కనుక్కోవాలి. ప్రభుత్వం పెట్టిందైతే స్కూలు ప్రిన్సిపాల్‌కి మీరు ఎంత నచ్చినా లాభం లేదు. స్కూలు తనకుగా పెట్టుకున్నదైతే అనుభవం, మంచి డెమో క్లాసు చూసి సడలిస్తారు. మూడో రకం, ఎక్కడా రాసి ఉండని ఆనవాయితీ. తల్లిదండ్రులకు కుర్ర టీచర్లయితే నచ్చుతారని ట్యూషన్ సెంటరు యజమాని అనుకోవడం ఈ కోవలోది. అలాంటి చోట వాదనకు దిగకుండా ఇంకో చోట వెతుక్కుంటే సమయం కలిసొస్తుంది.

తేల్చుకోవడానికి దగ్గరి దారి ఒకటుంది. ఆ దేశపు రాయబార కార్యాలయానికి చిన్న ఈమెయిలు రాయండి. అందులో ఐదు విషయాలు ఉండాలి: మీ పౌరసత్వం, పుట్టినతేదీ, డిగ్రీ ఏ సబ్జెక్టులో ఎన్నేళ్ళది, అది రెగ్యులరా దూరవిద్యా, చేయబోయే ఉద్యోగం ఏ రకం సంస్థలో. "నేను ఇంగ్లీషు చెప్పవచ్చా?" అని మాత్రం అడిగితే వెబ్‌సైటు లింకు తప్ప ఏమీ రాదు. వివరాలిచ్చి అడిగితే ఏ వీసా తరగతి వర్తిస్తుందో చెబుతారు. ఆ తరగతి పేరు దొరికితే మిగతా నిబంధనలు కార్మిక శాఖ, ఇమిగ్రేషన్ శాఖల వెబ్‌సైట్లలో మీరే చదువుకోవచ్చు. ఏజెంటు చెప్పిన మాటను కూడా వాటితో పోల్చి చూసుకోవచ్చు.

డిగ్రీ, పాస్‌పోర్టు

తూర్పు ఆసియాలో చట్టబద్ధంగా పనిచేయాలంటే దాదాపు ప్రతిచోటా బ్యాచిలర్ డిగ్రీ కావాలి. సబ్జెక్టు ఏదైనా చాలాచోట్ల ఒప్పుకుంటారు. డిగ్రీ లేకపోతే ఎంత మంచి టెఫెల్ సర్టిఫికెట్ ఉన్నా దాని లోటు తీరదు. వర్క్ పర్మిట్ అధికారికి ఆ రెండూ వేర్వేరు గళ్ళు. డిగ్రీ లేనివాళ్ళకు ఆన్‌లైన్ ట్యూషను, స్వచ్ఛంద సంస్థల పని, కొన్ని పాస్‌పోర్టులకు మాత్రమే ఇచ్చే వర్కింగ్ హాలిడే వీసా మిగులుతాయి. ఈ వర్కింగ్ హాలిడే వీసాకు మామూలుగా 18 నుంచి 30 ఏళ్ళ మధ్య ఉండాలి.

పాస్‌పోర్టు విషయం చాలామందికి చేదుగా ఉంటుంది. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు బోధనకు ఇచ్చే ఇ-2 వీసాకు ఏడు దేశాల పౌరులే అర్హులు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. దీనికొక మినహాయింపు ఉంది. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్–కొరియా ఒప్పందం ప్రకారం డిగ్రీతోపాటు ఇంగ్లీషు టీచరు అర్హత పత్రం ఉన్న భారతీయులు స్కూళ్ళలో సహాయ ఉపాధ్యాయులుగా చేరవచ్చు. ఈ దారిలో వెళ్ళాలంటే టీచర్ ట్రైనింగ్ పత్రమే కీలకం. టెఫెల్ దానికి బదులు కాదు.

చైనా నిబంధన ఇంకా బిగుతుగా ఉంటుంది. భాషా ఉపాధ్యాయులు తమ మాతృభాషను బోధించాలి, ఆ భాష మాట్లాడే దేశపు పౌరులై ఉండాలి, బ్యాచిలర్ డిగ్రీ, రెండేళ్ళ భాషా బోధనానుభవం ఉండాలి. ఎడ్యుకేషన్‌లో గాని భాషల్లో గాని డిగ్రీ చేసినవాళ్ళకు, సొంత దేశంలో టీచరు లైసెన్సు ఉన్నవాళ్ళకు, గుర్తింపున్న అంతర్జాతీయ బోధనా సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకు ఆ రెండేళ్ళ అనుభవం అక్కర్లేదు. అంటే చైనాలో టెఫెల్ కోర్సు అనుభవానికి బదులుగా పనికొస్తుంది, పౌరసత్వానికి బదులుగా పనికిరాదు. మీ పాస్‌పోర్టు ఆ జాబితాలోకి రాకపోతే ఇంటర్నేషనల్ స్కూళ్ళలో లెక్కలు, సైన్సు లాంటి సబ్జెక్టులను ఇంగ్లీషు మాధ్యమంలో చెప్పే ఉద్యోగాలు చూడండి. అవి భాషా ఉపాధ్యాయుల తరగతిలోకి రావు.

జపాన్ పాస్‌పోర్టు రంగు చూడదు, మీరు చదువుకున్న మాధ్యమం చూస్తుంది. స్కూళ్ళలో బోధించే 'ఇన్‌స్ట్రక్టర్' హోదాకు మీరు చెప్పబోయే భాషలో కనీసం 12 ఏళ్ళు చదువుకుని ఉండాలి. ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళకు ఇది మంచి అవకాశం. కాకపోతే నోటిమాట చాలదు. ప్రతి స్కూలు, కాలేజీ నుంచీ లెటర్‌హెడ్ మీద బోధనా మాధ్యమ ధ్రువపత్రం తేవాలి. ఏ తరగతి నుంచి ఏ తరగతి వరకు, ఏ సంవత్సరాల్లో చదివారో అందులో ఉండాలి. పాత స్కూలు మూతపడి ఉంటే విద్యాశాఖ నుంచి తెచ్చుకోవాల్సి వస్తుంది, అది నెలల పని. ప్రైవేటు సంభాషణా పాఠశాలల ఉద్యోగాలకు వేరే వీసా హోదా ఉంది. దానికి మామూలుగా మూడేళ్ళ అనుభవం అడుగుతారు, భాష బోధించే డిగ్రీదారులకు మాత్రం ఆ షరతు లేదు.

వియత్నాంలో భాషా కేంద్రాల్లో చెప్పాలంటే ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు డిగ్రీ, బోధనా సర్టిఫికెట్‌తోపాటు సి1 స్థాయి (ఐరోపా భాషా కొలమానంలోని ఆరు మెట్లలో ఐదోది, ఆరోది సి2) భాషా రుజువు చూపాలి. థాయ్‌లాండ్ స్కూళ్ళలో నాన్-ఇమిగ్రెంట్ బి వీసా, వర్క్ పర్మిట్, ఉపాధ్యాయ మండలి అయిన ఖురుసఫా నుంచి లైసెన్సు లేదా తాత్కాలిక అనుమతి, ఈ మూడూ కావాలి. మాతృభాష కానివాళ్ళను టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో 600 దాకా స్కోరు అడగడం మామూలే. గల్ఫ్ దేశాల స్కూళ్ళు టీచర్ ట్రైనింగ్ డిగ్రీ, రెండేళ్ళ తరగతి అనుభవం ఉన్నవాళ్ళకు ముందు చోటిస్తాయి.

ఏ సర్టిఫికెట్‌కు డబ్బు పెట్టాలి

సర్టిఫికెట్ మీద "120 గంటలు" అని ఉంటే నిజంగా 120 గంటలు చదివారని అర్థం కాదు. ఆన్‌లైన్ కోర్సుల్లో ఆ అంకె కోర్సు అమ్మేవాళ్ళు వేసుకున్నదే. "అంతర్జాతీయ అక్రెడిటేషన్" అనే ముద్రను చూసి కూడా మోసపోవద్దు. ఈ రంగంలో అక్రెడిటేషన్ సంస్థను ఎవరైనా పెట్టుకోవచ్చు, కోర్సు అమ్మేవాళ్ళే పెట్టుకున్నవీ ఉన్నాయి. కోర్సు ఎంచేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: నిజమైన విద్యార్థుల ముందు మీతో పాఠం చెప్పిస్తారా? ఆ పాఠాన్ని ట్యూటరు చూసి రాతపూర్వకంగా లోపాలు చెబుతారా? ప్రభుత్వ నియంత్రణ సంస్థ జాబితాలో ఆ అర్హత ఉందా? ఇంగ్లండులో ఆ జాబితా ఆఫ్‌క్వాల్ దగ్గర ఉంటుంది, ఎవరైనా వెతికి చూడవచ్చు.

ఈ మూడింటికీ అవునని చెప్పగల కోర్సుల్లో అందరికీ తెలిసినవి రెండు. కేంబ్రిడ్జి వారి సెల్టాలో కనీసం 120 గంటల శిక్షణ, ఆరు గంటల పర్యవేక్షిత బోధన, నాలుగు రాత అసైన్‌మెంట్లు ఉంటాయి. ట్రినిటీ వారి సర్ట్‌టీసాల్‌లో 130 గంటలు, అందులోనూ ఆరు గంటల బోధన. సెల్టాకు డిగ్రీ తప్పనిసరి కాదు. ఇంగ్లీషు సి1 స్థాయి పైన ఉండాలి, వ్యాకరణ ప్రశ్నలతో ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఫుల్‌టైమ్‌లో నాలుగైదు వారాల్లో అయిపోతుంది, కానీ అవి చాలా బరువైన వారాలు. పొద్దుట శిక్షణ, మధ్యాహ్నం పాఠం, రాత్రి మర్నాటి పాఠానికి ప్లాను, మధ్యలో అసైన్‌మెంట్లు. ఒంట్లో ఓపిక తగ్గినవాళ్ళు, చదువుకు చాలాకాలం దూరమైనవాళ్ళు పార్ట్‌టైమ్ బ్యాచి తీసుకోవడం మంచిది. సర్టిఫికెట్ అదే, తేడా ఎవరూ అడగరు.

ఇంటర్నేషనల్ స్కూళ్ళు మీ లక్ష్యమైతే దారి వేరు. అక్కడ టీచరు లైసెన్సు, రెండేళ్ళ అనుభవం అడుగుతారు. ఇంగ్లండులో ఆ హోదాను క్యూటీఎస్ అంటారు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. పీజీసీఈ అనే టీచరు శిక్షణ కోర్సుకు అంతర్జాతీయ రూపమైన పీజీసీఈఐ చదివితే విద్యార్హత వస్తుంది కానీ క్యూటీఎస్ రాదు. కోర్సు బ్రోషరులో "ఇంటర్నేషనల్" అనే మాట కనిపించినప్పుడల్లా లైసెన్సు వస్తుందా లేదా అని లిఖితపూర్వకంగా అడగండి. విశ్వవిద్యాలయాల్లో చెప్పాలంటే టీసాల్ (ఇతర భాషలవాళ్ళకు ఇంగ్లీషు బోధన) లేదా అప్లైడ్ లింగ్విస్టిక్స్‌లో ఎం.ఏ. కావాలి, లేదా సెల్టా తర్వాత మెట్టు అయిన డెల్టా.

భాషా పరీక్ష విషయం క్లుప్తంగా. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్ళే చెల్లుతాయి. కేంబ్రిడ్జి వారి సి2 ప్రొఫిషియన్సీకి గడువు లేదు. ఐఈఎల్‌టీఎస్ 7 వస్తే సి1 లోకి వచ్చినట్టు, 8.5 దాటితే సి2. పోటీలో నిలబడాలంటే 8కి తగ్గకుండా తెచ్చుకోండి. విడిగా స్పీకింగ్ స్కోరు ఎంతో కూడా స్కూళ్ళు చూస్తాయి.

వయసు

వయసు గురించి ఆందోళన రెండు వైపులా ఉంటుంది. 22 ఏళ్ళవాళ్ళకు అనుభవం లేదంటారు, 55 దాటినవాళ్ళకు వయసైపోయిందంటారు. చిన్నవాళ్ళ సమస్య కాలంతో తీరుతుంది. పర్యవేక్షిత బోధన ఉన్న సర్టిఫికెట్ తీసుకుని, ఒక ఏడాది ఎక్కడైనా జీతం తీసుకుంటూ పాఠాలు చెప్పి, నెలవారీ గంటలతో అనుభవ పత్రం తెచ్చుకుంటే చాలు. అక్కడ ఒక్క జాగ్రత్త ఉంది. కొన్ని దేశాలు డిగ్రీ పూర్తయ్యాక వచ్చిన అనుభవాన్నే లెక్కిస్తాయి. కాలేజీ రోజుల్లో చెప్పిన ట్యూషన్లు అందులోకి రావు.

పెద్దవాళ్ళ విషయంలో మూడు తేదీలు కాగితం మీద పెట్టి చూసుకోవాలి: పర్మిట్‌కు దరఖాస్తు చేసే రోజున వయసు, కాంట్రాక్టు ముగిసే రోజున వయసు, రెన్యువల్ చేసే రోజున వయసు. చాలామంది మొదటిది చూసి ఊరుకుంటారు. 58 ఏళ్ళకు చైనాలో ఉద్యోగం దొరకవచ్చు. అయితే అక్కడ భాషా ఉపాధ్యాయులు సాధారణంగా వచ్చే బి తరగతి పర్మిట్‌కు 60 ఏళ్ళు దాటకూడదు. కాబట్టి రెండో రెన్యువల్ దగ్గర దారి మూసుకుపోతుంది. పర్మిట్ అర్హతను తేల్చే ఆ దేశపు పాయింట్ల పద్ధతిలో కూడా వయసుకు మార్కులున్నాయి: 26 నుంచి 45 ఏళ్ళకు 15, 18 నుంచి 25 కి 10, 46 నుంచి 55 కి 10, 56 నుంచి 60 కి 5, ఆపైన సున్నా. బి తరగతికి మొత్తం 60 పాయింట్లు చాలు. వయసులో పోయిన పది పాయింట్లు పై డిగ్రీతోనో, పని అనుభవంతోనో, చైనీస్ భాషా పరీక్షతోనో రాబట్టుకోవచ్చు.

కొరియా ప్రభుత్వ స్కూళ్ళకు టీచర్లను పంపే ఎపిక్ కార్యక్రమంలో 62 ఏళ్ళ లోపు ఉండాలి, ఎందుకంటే ఆ దేశపు సొంత టీచర్ల పదవీ విరమణ వయసు అదే. ఈ కారణం గుర్తుంచుకుంటే ఏ దేశంలోనైనా పనికొస్తుంది. ప్రభుత్వ స్కూళ్ళ పరిమితి ఎంతో దొరకనప్పుడు స్థానిక టీచర్ల రిటైర్మెంట్ వయసు చూడండి, విదేశీయుల గీత మామూలుగా దాని దగ్గరే ఉంటుంది. థాయ్‌లాండ్, గల్ఫ్‌లలో 60 దగ్గర ఇలాంటి గీత తరచు కనిపిస్తుంది. అక్కడ కూడా ప్రైవేటు సంస్థలు, విశ్వవిద్యాలయాలు 60 దాటినవాళ్ళను తీసుకోవడం ఉంది.

ఐరోపా సమాఖ్యలో 2000 నాటి ఉద్యోగ సమానత్వ ఆదేశం, బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం వయసును బట్టి వివక్ష చూపకూడదంటాయి. మంచిదే. కానీ అక్కడ అసలు ఇబ్బంది పని హక్కు. ఐరోపా సమాఖ్య పౌరులు దొరికేచోట బయటివాళ్ళకు వీసా పెట్టించే భాషా పాఠశాలలు తక్కువ. అక్కడ పని చేసే హక్కు ముందే ఉన్నవాళ్ళకు, ఉదాహరణకు జీవిత భాగస్వామి వీసా ఉన్నవాళ్ళకు, ఈ చట్టం అండగా ఉంటుంది.

యజమానులు పెద్దవాళ్ళ విషయంలో భయపడేవి కొన్నే. అనారోగ్యం పాలైతే క్లాసులు ఆగుతాయని, బృంద ఆరోగ్య బీమా ప్రీమియం పెరుగుతుందని, చిన్నపిల్లలతో నేల మీద కూర్చుని ఆటలు ఆడించలేరని, స్మార్ట్ బోర్డు వాడలేరని, తమకంటే చిన్నవాడైన కోఆర్డినేటరు మాట వినరని. వీటిలో చాలావాటికి అడగకముందే జవాబు పెట్టవచ్చు. ఆన్‌లైన్ బోర్డు వాడుతూ చెప్పిన పాఠం వీడియో ఒకటి జతచేయండి. ఈ మధ్య చేసిన శిక్షణ ఏదైనా రెజ్యూమేలో పైన పెట్టండి. ఇంటర్వ్యూలో "నా అనుభవం ముందు..." అనే ధోరణి రానివ్వకండి. మీ పాఠం మీద ఎవరైనా పరిశీలకుడు ఇచ్చిన సలహాను ఎలా అమలు చేశారో ఒక ఉదాహరణ చెప్పండి. మాట వినరనే భయం అక్కడే పోతుంది.

అంతకంటే మేలైన పని, వయసు అడ్డుకాని విభాగాన్ని ఎంచుకోవడం. కిండర్‌గార్టెన్లు, ప్రకటనల్లో టీచరు ఫొటో వేసుకునే ట్యూషన్ సెంటర్లు వదిలేయండి. పెద్దలకు, కంపెనీ ఉద్యోగులకు చెప్పే చోట నెరిసిన జుట్టు గౌరవం తెస్తుంది. పాత వృత్తి ఇక్కడ బాగా పనికొస్తుంది. నర్సుగా పనిచేసినవారు వైద్యరంగ ఉద్యోగుల ఓఈటీ పరీక్షకు శిక్షణ ఇవ్వవచ్చు. బ్యాంకులోనో, ఎకౌంట్స్‌లోనో ఉన్నవారు బిజినెస్ ఇంగ్లీషు చెప్పవచ్చు. విమానయానంలో ఉన్నవారికి పైలట్ల, కంట్రోలర్ల భాషా శిక్షణ ఉంది, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో వారికి కనీసం నాలుగో స్థాయి ఇంగ్లీషు కావాలంటుంది. ఐఈఎల్‌టీఎస్ కోచింగ్, విశ్వవిద్యాలయ ప్రవేశానికి ముందు వేసవిలో నడిచే అకడమిక్ ఇంగ్లీషు కోర్సులు, టీచర్లకు శిక్షణ కూడా ఈ కోవలోవే.

వయసు దాచడం మాత్రం వద్దు. రెజ్యూమేలో పుట్టినతేదీ రాయకుండా వదిలేయవచ్చు, అది తప్పుకాదు. గత 10, 15 ఏళ్ళ అనుభవం వివరంగా రాసి, అంతకు ముందుది రెండు వరుసల్లో ముగించడమూ మంచి పద్ధతే. కానీ పదేళ్ళనాటి ఫొటో పెడితే వీడియో ఇంటర్వ్యూ మొదటి నిమిషంలోనే నమ్మకం పోతుంది. ఎలాగూ పాస్‌పోర్టు నకలు పంపాల్సిందే. గీతకు దగ్గర్లో ఉంటే మొదటి ఉత్తరంలోనే సూటిగా అడగండి: "నాకు 59 ఏళ్ళు. ఈ పోస్టుకు మీరు పర్మిట్ తెప్పించగలరా? ఇంతకుముందు ఈ వయసువారికి తెప్పించారా?" రెండో ప్రశ్న ముఖ్యం. మొదటిదానికి అందరూ అవుననే అంటారు.

ఆరోగ్య పరీక్ష వయసుతో ముడిపడినదే. చైనాలో రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, అల్ట్రాసౌండ్ చేస్తారు. కొరియాలో క్షయ, మాదకద్రవ్యాల పరీక్షలు ఉంటాయి. బీపీ, షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు బయల్దేరకముందే తమ డాక్టరుతో మందుల అసలు పేర్లు, మోతాదు రాయించుకుని సంతకం తీసుకోవాలి. మీ మందు ఆ దేశంలో నియంత్రిత జాబితాలో ఉందేమో చూసుకోవాలి. జపాన్‌కు ఒక నెలకు మించి ప్రిస్క్రిప్షన్ మందులు తీసుకెళ్ళాలంటే ముందే దిగుమతి ధ్రువపత్రం కావాలి. ఆంఫెటమైన్ ఉన్న మందులు ప్రిస్క్రిప్షన్ ఉన్నా అక్కడ నిషిద్ధం. బీమా పాలసీలో పాత జబ్బులకు ఎన్ని నెలల నిరీక్షణ ఉందో కాంట్రాక్టు సంతకానికి ముందే అడగండి.

కాగితాలు: ఆలస్యం జరిగేది ఇక్కడే

ఉద్యోగం ఖాయమయ్యాక పత్రాల దగ్గర రెండు మూడు నెలలు ఇరుక్కుపోయేవాళ్ళు చాలామంది. ఎక్కువ సమయం తినేవి డిగ్రీ అటెస్టేషన్, పోలీస్ క్లియరెన్స్.

1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య పత్రం అసలైనదని ధ్రువీకరించే అపోస్టిల్ ముద్ర ఒక్కటి చాలు. ఒప్పందంలో లేని దేశాలకు నోటరీ, మీ విదేశాంగ శాఖ, ఆపైన ఆ దేశపు రాయబార కార్యాలయం, ఇలా వరసగా ముద్రలు పడాలి. మధ్యలో ఒక మెట్టు తప్పితే మొదటి నుంచి రావాలి. చైనాలో 2023 నవంబర్ 7 నుంచి అపోస్టిల్ అమల్లోకి వచ్చింది. అయినా ఒక మెలిక ఉంది. రెండు దేశాలూ సభ్యులే అయినా ఒకటి రెండోదాని చేరికకు అభ్యంతరం చెప్పి ఉంటే ఆ జంట మధ్య అపోస్టిల్ చెల్లదు. హేగ్ సదస్సు వెబ్‌సైటులోని సభ్యుల పట్టికలో ఈ అభ్యంతరాలు గుర్తుపెట్టి ఉంటాయి. డబ్బు కట్టకముందే మీ దేశం పక్కన ఆ దేశాన్ని పెట్టి చూసుకోండి.

అసలు పట్టా వెనక ముద్ర వేయించాలా, నోటరీ చేసిన నకలు చాలా అన్నది స్కూలు ద్వారా రాతపూర్వకంగా తెలుసుకోండి. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో నడుస్తుందని అనుకోవద్దు, పర్మిట్ అధికారులు కాన్వొకేషన్ పట్టానే అడుగుతారు. పట్టా ఇంకా తీసుకోకపోతే ఈ రోజే దరఖాస్తు చేయండి. పేరు విషయం మరీ జాగ్రత్త. పట్టా మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, లేదా పెళ్ళి తర్వాత పేరు మారితే, "ఇద్దరూ ఒకరే" అని చెప్పే ప్రమాణపత్రం, వివాహ ధ్రువపత్రం కూడా పట్టాతోపాటే అటెస్ట్ చేయించండి. తర్వాత విడిగా పంపితే ఇంకో నెల పోతుంది.

పోలీస్ క్లియరెన్స్ విషయంలో తొందర కూడా తప్పే. చాలా దేశాలు ఆరు నెలలకు మించి పాతబడినది తీసుకోవు, ఆ ఆరు నెలలు జారీ తేదీ నుంచి లెక్క, అపోస్టిల్ తేదీ నుంచి కాదు. ఉద్యోగం ఖాయమవుతుందనే నమ్మకం కుదిరాక దరఖాస్తు చేయండి. మరో దేశంలో ఏడాదికి పైగా నివసించి ఉంటే అక్కడిదీ అడగవచ్చు. అది తెప్పించుకోవడం కష్టమైన పని కాబట్టి దాన్ని ముందు మొదలుపెట్టండి.

ఈ లెక్కన బడి తెరిచే నెల నుంచి ఎనిమిది, తొమ్మిది నెలలు వెనక్కి లెక్కపెట్టాలి. జపాన్‌లో ఏప్రిల్, చైనాలో సెప్టెంబర్, థాయ్‌లాండ్‌లో మే, నవంబర్, గల్ఫ్‌లో ఆగస్టు చివర లేదా సెప్టెంబర్. ఎపిక్ టీచర్లు ఫిబ్రవరిలో, ఆగస్టులో వెళ్తారు.

డెమో క్లాసు

ఇంటర్వ్యూలో 10, 15 నిమిషాల పాఠం చెప్పమంటారు. ఇక్కడ ఎక్కువమంది ఓడిపోయేది ఒకే కారణంతో: సమయమంతా తామే మాట్లాడతారు. ఉదాహరణకు 'ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్' అనే వాక్యం ఇచ్చారనుకోండి. ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ నిర్వచనంతో మొదలుపెట్టకండి. బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి, ఎడమవైపు పదేళ్ళ కిందటి సంవత్సరం, కుడివైపు 'నౌ' అని రాయండి. వాక్యం చెప్పి రెండు చిన్న ప్రశ్నలు అడగండి: "ఎప్పుడు వచ్చాడు?", "ఇప్పుడు కూడా ఇక్కడే ఉంటున్నాడా?" జవాబులు వచ్చాక గీత మీద ఆ రెండు బిందువులను కలపండి. తర్వాత 'ఐ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్' రాసి అదే రెండో ప్రశ్న మళ్ళీ అడగండి. ఈసారి జవాబు మారుతుంది, అర్థం అక్కడ తెలిసిపోతుంది. నాలుగు నిమిషాల్లో ఇది అయిపోవాలి. మిగతా సమయం విద్యార్థులు తమ గురించి వాక్యాలు చెప్పుకోవాలి, మీరు తప్పులు విని చివర్లో రెండింటిని బోర్డు మీద సరిదిద్దాలి. "అర్థమైందా?" అని మాత్రం అడగకండి. దానికి అందరూ తలూపుతారు, పరిశీలకులు మార్కులు తగ్గిస్తారు.

యాస గురించి: తెచ్చిపెట్టుకున్న అమెరికన్ యాస కొన్ని నిమిషాల్లోనే జారిపోతుంది. స్పష్టంగా, నెమ్మదిగా, ఒత్తులు సరిగ్గా వేసి మాట్లాడితే చాలు. మాతృభాష కానివాళ్ళకు ఒక బలం ఉంది, వ్యాకరణం ఎందుకు అలా ఉంటుందో వివరించగలరు. అది డెమోలో చూపించండి.

ఏజెంటు, కాంట్రాక్టు

మంచి రిక్రూటరుకు డబ్బు స్కూలు ఇస్తుంది. మీ దగ్గర "ప్లేస్‌మెంట్ ఫీజు" అడిగితే ఆగి ఆలోచించండి. అసలు పట్టా కొరియర్‌లో పంపమంటే ఎక్కడికి, ఎవరి పేరిట, ఎప్పుడు తిరిగి వస్తుందో రాయించుకోండి. "టూరిస్టు వీసా మీద రండి, ఇక్కడ మార్పిస్తాం" అన్నప్పుడు జాగ్రత్త. కొన్ని దేశాల్లో అలా మార్చుకునే చట్టబద్ధమైన మార్గం ఉంది, కానీ పర్మిట్ చేతికి రాకముందు తరగతిలో అడుగుపెట్టడం చాలాచోట్ల నేరమే. పట్టుబడితే జరిమానా, నిర్బంధం, దేశం నుంచి పంపేయడం, మళ్ళీ రాకుండా నిషేధం. స్కూలుకు జరిమానాతో పోతుంది, నిషేధం మాత్రం మీ పాస్‌పోర్టు మీద ఉంటుంది. కొన్న డిగ్రీ, దిద్దిన పుట్టినతేదీ కూడా ఇలాంటివే. అటెస్టేషన్ సమయంలో విశ్వవిద్యాలయానికి రాసి సరిచూస్తారు.

కాంట్రాక్టులో జీతం ఒక్కటే చదివి సంతకం చేయవద్దు. వారానికి ఎన్ని బోధనా గంటలు, వాటికి అదనంగా ఎన్ని ఆఫీసు గంటలు అన్నది విడిగా ఉండాలి. వారానికి 20 నుంచి 25 బోధనా గంటలు మామూలు, 30 దాటితే ప్లాను చేసుకునే సమయం ఉండదు. ఇల్లు ఇస్తారా, అద్దె భత్యమా, విమాన టికెట్టు ముందు ఇస్తారా, ఏడాది చివర తిరిగి చెల్లిస్తారా? మధ్యలో మానేస్తే కట్టాల్సిన మొత్తం ఎంత, మీ పర్మిట్ ఇంకో స్కూలుకు మార్చుకోవడానికి విడుదల పత్రం ఇస్తారా? కొరియాలో ఏడాది పూర్తయితే దాదాపు ఒక నెల జీతం సెవరెన్స్‌గా (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) రావాలి, 11 నెలల కాంట్రాక్టు కనిపిస్తే దాన్ని ఎగ్గొట్టడానికేనని అనుమానించాలి. పాస్‌పోర్టు స్కూలు దగ్గర "భద్రంగా" ఉంచే షరతు ఉంటే ఒప్పుకోవద్దు. వయసు గీతకు దగ్గర్లో ఉన్నవాళ్ళు ఇంకో వాక్యం చేర్పించుకోవాలి: వయసు కారణంగా పర్మిట్ రెన్యువల్ కాకపోతే అది ఉద్యోగి తప్పుగా లెక్కించి జరిమానా వేయరని, తిరుగు ప్రయాణ ఖర్చు స్కూలే భరిస్తుందని.

ఆ స్కూల్లో పనిచేసే విదేశీ టీచర్లలో ఇద్దరితో మాట్లాడించమని అడగండి. ఒకరు మీ వయసుకు దగ్గరివారైతే మరీ మంచిది. మానేసేటప్పుడు ఆఖరి వారానికి వదిలేయకుండా, నెల ముందే లెటర్‌హెడ్ మీద అనుభవ పత్రం తీసుకోండి. చేరిన తేదీ, మానిన తేదీ, హోదా, వారానికి బోధనా గంటలు, విద్యార్థుల వయసులు, సంతకం చేసినవారి ఆఫీసు ఈమెయిలు అందులో ఉండాలి. పాత పర్మిట్ రద్దు చేసినట్టు ఇచ్చే పత్రం కూడా దానితోపాటే తీసుకోండి. తర్వాతి స్కూలు కొత్త పర్మిట్‌కు దరఖాస్తు చేసేటప్పుడు ఈ రెండూ అడుగుతారు.